చెవి మేస్త్రి మాట మీద కట్టిన ఇళ్ళు

మా మామయ్య ఫోనులో మాట్లాడటం మానేసి రెండేళ్ళయింది. ఎప్పుడు చేసినా అత్తయ్యే ఎత్తుతుంది. "స్నానం చేస్తున్నారు", "బయటికి వెళ్ళారు", "ఇప్పుడే నడుం వాల్చారు" అంటుంది. రెండేళ్ళపాటు స్నానం చేసే మనిషి ఎక్కడా ఉండడని మా అమ్మ వాదన. "అన్నయ్యకి నా మీద ఏదో కోపం వచ్చింది. నువ్వెళ్ళి కడిగేసి రా" అని నన్ను పంపింది. ఎవరినైనా కడిగేయాలంటే మా ఇంట్లో ఎప్పుడూ నన్నే పంపుతారు.

నేను పట్నంలో చెవుల డాక్టరు దగ్గర పనిచేస్తాను. గాజు కిటికీ ఉన్న చిన్న గదిలో మనిషిని కూర్చోబెట్టి, చెవులకు డిప్పలు తగిలించి, మిషన్‌లో చిన్నా పెద్దా శబ్దాలు పెడుతూ, వినపడినప్పుడల్లా బొత్తాం నొక్కమనడం, ఆ తర్వాత డాక్టరూ ఇంటివాళ్ళూ అన్నది ఆ మనిషికి అరిచి చెప్పడం నా పని. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారే, పదకొండేళ్ళుగా నేను జీతం తీసుకుని ఊదుతున్నాను. ఈ ఉద్యోగం వల్ల నాకు పెద్ద నోరు వచ్చింది. దాంతోపాటు దొంగల్ని పట్టుకునే చూపు కూడా వచ్చింది. చెవుడు దాచుకోవాలనుకునేవాళ్ళు శబ్దం కోసం చూడరు, నా చేతినే చూస్తుంటారు. చెయ్యి మిషన్ మీద కదలగానే బొత్తాం నొక్కేస్తారు. పెళ్ళాం కిటికీ అవతల నిలబడి కనుబొమ ఎగరేస్తే నొక్కే మహానుభావులు కూడా ఉన్నారు. అలాంటివాళ్ళని చూస్తే నాకు జాలి వెయ్యదు, ఒళ్ళు మండుతుంది.

మామయ్య వాళ్ళ ఊరికి బస్సు ఉంది గానీ, బస్సు ఊళ్ళోకి వెళ్ళదు. ఒక కిలోమీటరు ముందే ఆపేసి, "దిగండి, దిగండి" అని తొందరపెట్టి, డ్రైవరు బండి వెనక్కి తిప్పుకుంటాడు. ఇటుకల లారీ కూడా అక్కడిదాకానే. ఎవరైనా ఇల్లు కట్టుకోవాలంటే అక్కడినుంచి తట్టల్లో మోసుకుపోవాల్సిందే. ఆ ఊరి కింద అరవై ఏళ్ళు బొగ్గు తవ్వారు. గని మూసేసి పద్దెనిమిదేళ్ళయింది. బొగ్గు వెళ్ళిపోయింది, అది ఉన్నచోట ఖాళీ మిగిలింది. మామూలుగా కష్టాల్లో ఉన్నవాళ్ళని ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. ఈ ఊరివాళ్ళకి కింద కూడా గొయ్యే.

నాలుగు వరసల ఇళ్ళు, అన్నీ గని యజమానులు ఒకే అచ్చులో కట్టించినవి. ఇప్పుడు ఏ రెండూ ఒకేలా లేవు. ఒకటి ముందుకు వంగింది, ఇంకొకటి పక్కింటి మీద భుజం వాల్చింది. తలుపులన్నీ అడుగున ఏటవాలుగా చిత్రిక పట్టి ఉంటాయి, లేకపోతే మూసుకోవు. మంచాలకు రెండు కాళ్ళ కిందే ఇటుకలు ఉంటాయి. గోడల పగుళ్ళను సున్నంతో మళ్ళీ మళ్ళీ పూడ్చడం వల్ల గోడ కన్నా అతుకులే తెల్లగా ఉంటాయి. కొన్నిచోట్ల ఇల్లు ఉండాల్సిన చోట ముళ్ళకంప వేసి ఉంటుంది. అక్కడేముండేదని అడిగితే, "దిగిపోయింది" అంటారు, మనం బస్సు దిగడం గురించి చెప్పినంత తేలిగ్గా.

పాత సొరంగాలు ఎటునుంచి ఎటు పోయాయో చెప్పే పటాలు ఏ ఆఫీసులోనూ లేవు. కొన్నింటిని చెదలు తిన్నాయి, కొన్నింటిని ఎవరూ గీయనే లేదు. ఈ ఊరికి ఉన్న పటం మా మామయ్య ఒక్కడే. అందరూ ఆయన్ని చెవి మేస్త్రి అంటారు.

ఆయన పదిహేడో ఏట గనిలో దిగాడు. ముప్పై ఒక్క ఏళ్ళు చేసింది ఒకటే పని. షిఫ్టులో అందరికంటే ముందు లోపలికి వెళ్ళి, ఇనుప పొన్ను వేసిన కర్రతో తలమీది రాతికప్పును తట్టి చూడటం. ఒక అరచెయ్యి కప్పుకి ఆనించి, రెండో చేత్తో తట్టేవాడు. రాయి గట్టిగా ఉంటే ఖంగుమని మోగుతుంది. పొర విడిపోయి ఉంటే డబ్బుమని చచ్చు శబ్దం వస్తుంది, ఆనించిన చేతికి సన్నటి వణుకు తెలుస్తుంది. అది తెలిసినచోట ఊతకర్రలు నిలబెట్టేదాకా ఎవరినీ అడుగు పెట్టనిచ్చేవాడు కాదు. ఒకసారి శబ్దం నచ్చక రెండు గంటలు షిఫ్టంతా ఆపేశాడట. పై అధికారి వచ్చి నానా మాటలూ అన్నాడు. ఈయన గోడకి ఆనుకుని, "నేను వెళ్ళను. మీరు కావాలంటే వెళ్ళండి" అని కూర్చున్నాడు. ఆ మాటలు జరుగుతుండగానే మంచమంత రాయి ఊడి, పనివాళ్ళు వరసగా పెట్టుకున్న భోజనం డబ్బాల మీద పడింది. ఆ రోజు పదిమంది పస్తున్నారు గానీ పదిమందీ ఇంటికి నడిచి వెళ్ళారు. ఆ పదిమందిలో ముగ్గురు ఇప్పటికీ ఆయన ఎదురైతే చెప్పులు విడుస్తారు.

గని మూసేశాక ఇళ్ళు దిగిపోవడం మొదలైంది. అప్పుడు జనం ఈయన దగ్గరికే వచ్చారు. "కప్పు తట్టినవాడివి, నేల తట్టలేవా?" అన్నారు. తట్టాడు. మొదటి ఏడాది పాత అలవాటు కొద్దీ ఒకచోట ఖంగుమని మోగగానే "బ్రహ్మాండం" అనేశాడు. మూడో నెలలో కొట్టు నడిపే ఆయన కొత్త మరుగుదొడ్డి నడుంలోతు దిగిపోయింది. ఆ సమయానికి అందులో ఎవరూ లేకపోవడం కొట్టాయన అదృష్టం. అప్పుడు తెలిసిందట మామయ్యకి, నేల లెక్క తలకిందులని. గట్టి నేలను కొడితే దెబ్బ అక్కడే చచ్చిపోతుంది. కింద డొల్లయితే దెబ్బ లోపలికి దిగి, కాసేపు తిరిగి, అప్పుడు పైకొస్తుంది. ఆర్నెల్లు ఊరంతా తట్టుకుంటూ తిరిగి మళ్ళీ మొదటినుంచి నేర్చుకున్నాడు. ఆ తర్వాత ఆయన "గట్టి" అన్నచోట కట్టిన ఇల్లు ఒక్కటి కూడా కదల్లేదు. గుంజ పాతాలన్నా, నీళ్ళ తొట్టి పెట్టాలన్నా ముందు చెవి మేస్త్రి రావాలి, తట్టాలి, ఒక్క మాట చెప్పాలి.

నేను వెళ్ళేసరికి ఆ చెవి మేస్త్రి వంటింటి గడప మీద కూర్చుని బంగాళాదుంపలు తరుగుతున్నాడు. నన్ను చూడగానే ముఖమంతా నవ్వైంది.

"వచ్చావా! అమ్మ బాగుందా? బాగుండకేం, దాని నోరు బాగుంటే అదీ బాగున్నట్టే. బస్సులో సీటు దొరికిందా? ఈ టైములో దొరుకుతుందిలే. ఆకలేస్తోందా? వెయ్యకుండా ఎలా ఉంటుంది?"

అన్నీ తనే అడిగి అన్నిటికీ జవాబు తనే చెప్పుకున్నాడు. ఈ పద్ధతి నాకు బాగా తెలుసు. చెవుడు దాచుకునేవాళ్ళలో కొందరు అసలు నోరు విప్పరు. మిగతావాళ్ళు ఎదుటివాళ్ళకి మాట్లాడే సందు ఇవ్వరు.

చెంబు తీసుకోవడానికన్నట్టు ఆయన వెనక్కి వెళ్ళి, మామూలు గొంతుతోనే అన్నాను, "మామయ్యా, నీ కాలి పక్కన తేలు."

కత్తి ఆగలేదు.

"రెండు తేళ్ళు, మామయ్యా. పెళ్ళి చేసుకుంటున్నాయి."

బంగాళాదుంప ముక్కలు ఒకదాని మీద ఒకటి పడుతూనే ఉన్నాయి. అప్పుడే పెరట్లోంచి అత్తయ్య వచ్చింది. నన్ను ఇంకా చూడలేదు. మడమతో నేలను ఒక్కసారి గట్టిగా తాటించింది. మామయ్య వెంటనే తల తిప్పి, "ఏంటి?" అన్నాడు. అప్పుడు అత్తయ్య నన్ను చూసింది. తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది.

పెరట్లో బట్టలు ఉతికే రాయి దగ్గరికి ఆమెను లాక్కుపోయాను.

"ఎన్నాళ్ళయింది?"

"దేనికే?"

"అత్తయ్యా, నేను చేసే పనేంటో నీకు తెలుసు. నా దగ్గరా?"

ఆమె తడిబట్ట ఒకటి తీసి పిండటం మొదలుపెట్టింది. నీళ్ళు అయిపోయాక కూడా పిండుతూనే ఉంది.

"కుడిచెవి గనిలోనే పోయింది, ఆ యంత్రాల రొదకి. ఎడమది కొంచెం కొంచెంగా పోయింది. మొత్తం పోయి ఆరేళ్ళు. మొదట్లో ఫోనులో అవతలివాళ్ళకి సందివ్వకుండా తనే మాట్లాడేసి పెట్టేసేవారు, తర్వాత అదీ మానేశారు."

"ఆరేళ్ళుగా ఊళ్ళో ఎవరికీ తెలీదా?"

"కాస్త చెముడనుకుంటారు. మాటలు వినపడకపోతే ఏం, ఆయన చెవి మాటలకి కాదు, నేలకి అంటారు. వాళ్ళే అనుకుంటుంటే నేనెందుకు కాదంటాను? కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందమ్మా."

"మరి నేల ఎవరు వింటున్నారు?"

అత్తయ్య తల ఎత్తి నన్ను సూటిగా చూసింది. ఆ చూపులో భయంతోపాటు కొంచెం గర్వం కూడా ఉంది.

"నేను."

ఆయన తడుతుంటే ఆమె ఎదురుగా నిలబడుతుంది. శబ్దం బాగుంటే చేతులు కట్టుకుంటుంది, డొల్లగా ఉంటే చెంపన చెయ్యి పెట్టుకుంటుంది. ఆయన అది చూసి చెబుతాడు. నేర్పింది కూడా ఆయనే. ఇదే పెరట్లో రేకు డబ్బాలు పాతిపెట్టి, కొన్ని ఖాళీగా ఉంచి, కొన్నింట్లో మట్టి కూరి, ఆమె కళ్ళకు గుడ్డ కట్టి, తట్టి చెప్పమనేవాడట.

"నెల తిరిగేసరికి ఒక్కటి కూడా తప్పు చెప్పలేదు" అంది.

"అవి డబ్బాలు అత్తయ్యా! డబ్బాల మీద ఎవరూ పిల్లల్ని పడుకోబెట్టరు!"

"అరవకే. గోడలకి చెవులుంటాయి."

"ఈ ఇంట్లో గోడలకే ఉన్నాయి మరి!"

ఆ మాట అన్నాక నాకే సిగ్గేసింది. అత్తయ్య వేళ్ళు మడిచి లెక్క చెప్పింది. ఆరేళ్ళలో పదకొండు ఇళ్ళు, అంది. ఒక్కటి కూడా కదల్లేదు, అంది. "ఇంకా" అన్నాను నేను. అప్పుడు నాకు తట్టింది. మామయ్య కూతురు, నా మరదలు, నాలుగేళ్ళ కింద ఈ ఊళ్ళోనే ఇల్లు కట్టుకుంది. దాని మొగుడు లారీ మీద పోతే పదిహేను రోజులకొకసారి వస్తాడు. అది అయిదేళ్ళ కూతుర్ని పెట్టుకుని, ముందు గదిలో మిషన్ కుడుతూ ఉంటుంది.

"దాని ఇల్లు కూడానా?"

అత్తయ్య బట్టల రాయి మీద కూలబడింది. "నాలుగుసార్లు తట్టించాను. నాలుగుసార్లూ గట్టిగానే వినపడింది. నాకు అలాగే వినపడింది తల్లీ."

"దానికి తెలుసా?"

"తెలిస్తే ఆ ఇంట్లో ఒక్క పూట ఉంటుందా?"

ఇది ఇలా ఉండగా, ఆ వారమే గోరుచుట్టు మీద రోకటిపోటు లాంటి పని ఒకటి వచ్చి పడింది. ఊరి బడి గోడ పగిలింది. గని పాత దీపాల గది ఖాళీగా ఉంది. కిందికి దిగేముందు పనివాళ్ళు దీపాలు తీసుకునే గది అది. గోడలు మందంగా ఉన్నాయి, ముప్పై ఎనిమిది మంది పిల్లలు పడతారు. టీచరమ్మ సోమవారం నుంచి అందులో బడి పెట్టాలనుకుంది. అది కాదంటే బడిని ఏడు కిలోమీటర్ల అవతలి ఊరికి కలిపేస్తామని పైవాళ్ళు అన్నారు. అంత దూరం చిన్నపిల్లలు నడవరు, చదువు మానేస్తారు. ఆదివారం పొద్దున చెవి మేస్త్రి వచ్చి ఆ గది నేల తట్టి చెప్పాలి. నేను వెళ్ళింది శనివారం.

ఆ మధ్యాహ్నమే మామయ్య ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాను. పెదాలు కనపడేలా, నెమ్మదిగా అన్నాను.

"మామయ్యా. నాకు తెలిసిపోయింది."

ఆయన నా నోటివైపే చూశాడు. తర్వాత కత్తి పక్కన పెట్టాడు.

"నీకు తెలుస్తుందనే మీ అమ్మతో మాట్లాడటం మానేశాను" అన్నాడు. "అది నీకు చెబుతుంది, నువ్వు వచ్చి పట్టుకుంటావు. వచ్చావు, పట్టుకున్నావు."

"రేపు ఏం చెబుతావు?"

"చెయ్యి ఉంది కదా. చేతికి తెలుస్తుంది. చెవి సగం చెబితే చెయ్యి సగం చెప్పేది ఎప్పుడూ."

"ఆ రెండో సగం అత్తయ్యదా? రేకు డబ్బాల చదువా?"

ఆయనకి కోపం వచ్చింది. చెవిటివాళ్ళ కోపం గట్టిగా ఉంటుంది, తమ గొంతు తమకి తెలియదు కాబట్టి. "ఏం చెయ్యమంటావు? రేపు నేను నోరు తెరిస్తే పదకొండు కుటుంబాలు రోడ్డున పడతాయి. ఇటుకలన్నీ నెత్తిన మోసుకుని కట్టుకున్నారు. ఎక్కడికి పోతారు?"

"తెరవకపోతే?"

"తెరవకపోతే ఇంట్లో ఉంటారు."

"ఎన్నాళ్ళు?"

ఆయన తరిగిన ముక్కలు గిన్నెలోకి తోశాడు. నా మాట అర్థం కాలేదేమోనని మళ్ళీ అన్నాను. "అర్థమైందిలే" అని లేచి వెళ్ళిపోయాడు. రేపు ఆయన "గట్టి" అంటే అక్కడే అందరిముందూ అరిచి చెబుతానని అత్తయ్యతో తెగేసి చెప్పాను. ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది. నేను విడిపించుకున్నాను. ఆ రోజు నేను సరిగ్గానే ఉన్నాననుకున్నాను, ఇప్పుడూ అలాగే అనుకుంటున్నాను. అయినా ఆ చేతులు గుర్తొస్తే బాధగానే ఉంటుంది.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికల్లా దీపాల గది ముందు ఊరు ఊరంతా ఉంది. లోపల గోడలకు ఇంకా దీపాలు తగిలించే కొక్కేలు వరసగా ఉన్నాయి. టీచరమ్మ ముందురోజే నేల కడిగించి, నల్లబల్ల గోడకి ఆనించి పెట్టుకుంది. మరదలు నా పక్కకొచ్చి నిలబడింది.

"నాన్న గట్టి అంటాడులే వదినా, చూడు. ఈ గది గోడలు చూశావా?" అంది. దాని కూతురు ఆ బళ్ళోనే చదువుతుంది.

మామయ్య వచ్చాడు. అందరూ దారి ఇచ్చారు. ఒక మూల వంగి, ఎడమ అరచెయ్యి నేలకి ఆనించి తట్టాడు. నాకు అప్పుడు అర్థమైంది ఏం జరగబోతోందో. ఆ గదిలో నేల మట్టి కాదు. జానెడు మందం రాతి పలకలు పరిచారు, బరువైన బండ్లు లాగడానికి. కర్ర తగలగానే పలక మోగింది, గదంతా మోగింది. దానికింద నేల ఏమంటోందో మంచి చెవులున్న నాకే తెలియలేదు. ఆయన చేతికి రాయి తప్ప ఇంకేం తెలుస్తుంది?

ఆయన తల ఎత్తి అత్తయ్యవైపు చూశాడు. అత్తయ్య ఎదురుగోడ దగ్గర నిలబడి ఉంది. చేతులు కట్టుకోలేదు, చెంపన చెయ్యీ పెట్టలేదు. రెండు చేతులూ పక్కన వేలాడుతున్నాయి. రేకు డబ్బాల్లో ఇలాంటి శబ్దం లేదు.

ఆయన గది మధ్యకి వచ్చి తట్టాడు. మళ్ళీ అత్తయ్యవైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. కాదనడం కాదు అది, తెలియదనడం. నల్లబల్ల దగ్గర మూడోసారి తట్టాడు. అక్కడ కాస్త వేరుగా మోగినట్టు నాకనిపించింది, కానీ ఒట్టు వేసి చెప్పలేను. అరుస్తానన్న నేను నోరు మెదపలేదు. పదకొండేళ్ళుగా పెంచుకున్న నోరు సరిగ్గా అప్పుడే పడిపోయింది. పక్కన మరదలు నవ్వుతూ నిలబడి ఉంది, దాని ముఖం చూస్తూ ఎలా అరుస్తాను?

మామయ్య కర్ర పట్టుకుని నిటారుగా నిలబడ్డాడు.

"నాకు వినపడట్లేదు" అన్నాడు.

వెంటనే వెనకనుంచి ఎవరో "ష్! మాటలాపండి, మేస్త్రికి వినపడట్లేదట" అన్నారు. ఒకరినొకరు గద్దించుకున్నారు. టీచరమ్మ కిటికీ తలుపులు మూయించింది. బయట దగ్గుతున్న ముసలాయన్ని దూరంగా పంపించారు. అంత గుంపులో ఊపిరి చప్పుడు కూడా లేకుండా పోయింది. అందరూ ఆయనవైపు చూస్తూ, ఇక తట్టమన్నట్టు నిలబడ్డారు. నాకు ఏడుపొచ్చింది.

మామయ్య వాళ్ళ మూసుకున్న నోళ్ళను ఒక్కొక్కటిగా చూశాడు.

"మీరు మాట్లాడినా మానినా నాకొకటే" అన్నాడు. "నాకు చెవులు లేవు. ఆరేళ్ళయింది. ఈ నేల కింద ఏముందో నాకు తెలీదు. పిల్లల్ని ఇక్కడ కూర్చోబెట్టకండి."

ముందు కదిలింది మరదలే. నేరుగా వెళ్ళి తండ్రి ముందు, ఆయనకి ముఖం కనపడేలా నిలబడింది. దాని నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు.

"నా ఇల్లు?" అంది.

ఆయన కర్రను గోడకి ఆనించాడు. "నీది నేను వినలేదమ్మా."

"మరి గట్టి అన్నావు."

"అన్నాను."

"విన్నది నేనే!" అని అత్తయ్య గోడ దగ్గర్నుంచి అరిచింది. "ఆయన్నేమీ అనకండి. నేను విన్నాను. మీ ఇళ్ళన్నీ నేను బాగానే విన్నాను!" ఎవరో నవ్వారు, గట్టిగా, ఒక్కసారి. అది ఎగతాళో, భయమో తెలియదు. నువ్వెప్పుడు గనిలో దిగావమ్మా అని ఒకావిడ అడిగింది.

తర్వాత ఒక్కొక్కళ్ళూ మామయ్య ముందుకు వచ్చారు. ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ముందు నిలబడి, నోరు పెద్దగా తెరిచి, "మాది?" అని అడిగారంతే. ఆయన గుర్తు తెచ్చుకుని చెప్పాడు. "నీది విన్నాను, నీకేం భయం లేదు." "నీది వినలేదు." "నీ ముందు గది విన్నాను, వెనకాల వేసిన గది వినలేదు." భోజనం డబ్బాల నాటి ముగ్గురిలో ఒకాయన కూడా వచ్చాడు. నిరుడే కొడుక్కి ఇల్లు కట్టించాడు. "వినలేదు" అన్నాడు మామయ్య. వచ్చినాయన తలవంచుకుని వెళ్ళిపోయాడు. టీచరమ్మ నల్లబల్ల తనే ఎత్తుకుని బయటికొచ్చి, గదికి తాళం వేసింది.

మధ్యాహ్నానికి పదకొండు ఇళ్ళ ముందూ సామాన్లు వీధిలోకి వచ్చాయి. మంచాలు, బట్టల మూటలు, గిన్నెలు. కొందరు ఇంట్లోకి వెళ్ళేటప్పుడు అడుగులు ఆచితూచి వేస్తున్నారు, ఇన్నాళ్ళూ పరుగెత్తిన గదుల్లోనే. ఆ ఇళ్ళ కింద రాయి ఉందో, ఖాళీ ఉందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. అత్తయ్య చెవి నిజంగానే బాగా విన్నదేమో కూడా తెలియదు.

నేనూ మామయ్యా మరదలి ఇంటికి వెళ్ళాం. పిల్లను పక్కింట్లో కూర్చోబెట్టి, అది ఒక్కతే సామాను బయట పెడుతోంది. చివరికి కుట్టుమిషన్ మిగిలింది. కింద ఇనప కాళ్ళున్న పాత మిషన్, ఇద్దరు పడితే గానీ లేవదు. దాన్ని గడపదాకా ఈడ్చి, ఆగిపోయింది. మామయ్య వీధిలో, గుమ్మానికి రెండడుగుల దూరంలో నిలబడ్డాడు. ఇంకా దగ్గరికి వెళ్ళే ధైర్యం లేదు.

మరదలు ఆయనవైపు చూడలేదు. మిషన్ మీదికి వంగి, గోడవైపు తిరిగే అంది. "వదినా, ఆయన్ని ఇంకెప్పుడూ నా గుమ్మం ఎక్కొద్దని చెప్పు. అమ్మని కూడా. నా కూతుర్ని నాలుగేళ్ళు ఇక్కడ పడుకోబెట్టాను, వదినా. నాలుగేళ్ళు."

ముఖం కనపడలేదు కాబట్టి మామయ్యకి ఏమీ తెలియలేదు. భుజాలు కదలడం మాత్రం చూశాడు. నావైపు తిరిగాడు.

"ఏమంటోంది?"

ఎవరు ఏమన్నారో చెవిటివాళ్ళకి ఉన్నదున్నట్టు చెప్పడమే నా ఉద్యోగం. పెళ్ళాలు తిట్టినా, డాక్టరు ఇక లాభం లేదన్నా, ఒక్క అక్షరం మార్చకుండా చెప్పాను ఇన్నేళ్ళూ. ఆయన నా నోటివైపు చూస్తున్నాడు. పొద్దుటినుంచి ఊరందరికీ నిజం చెప్పి చెప్పి ఆ ముఖంలో ఇక ఏమీ మిగల్లేదు.

"మిషన్ బరువుగా ఉందట" అన్నాను. "ఒక చెయ్యి వెయ్యమంటోంది."

ఆయన వెంటనే వెళ్ళాడు. వంగి, ఇనప కాళ్ళ కింద చేతులు పెట్టాడు. మరదలు ఉలిక్కిపడి తల ఎత్తింది. ముందు ఆయన్ని చూసింది, తర్వాత నన్ను చూసింది. నేను ఏం చెప్పి ఉంటానో దానికి అర్థమైంది. కళ్ళు తుడుచుకోలేదు, చేతులూ తీసెయ్యలేదు. రెండో వైపు పట్టుకుని లేపింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా, మిషన్‌ను గడప దాటించి వీధిలో దింపారు.

మామయ్యకి అందేలా నేను చెప్పిన మొదటి అబద్ధం అది. అత్తయ్య చెప్పిన మొదటిది కూడా ఇంత చిన్నదే అయి ఉంటుంది.